మామ చదవని వరుసలు

తపాలా పాపయ్య కొనకనమిట్లకు వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. కృష్ణవేణి వాకిట్లో సజ్జలు చెరుగుతోంది. అత్త అంకాలమ్మ అరుగు మీద కందులు ఏరుతోంది.

"అంకాలమ్మత్తా, టోకియో జాబు!" పాపయ్య దూరం నుంచే కేకేశాడు. "మామ లేడా?"

"చేనికి పోయినాడు. ఆ గూట్లో పెట్టు నాయనా. ఆయనొచ్చి చదువుతాడు."

కృష్ణవేణి తలెత్తలేదు గానీ, చేట పట్టుకున్న చేతులు ఆగిపోయాయి.

భర్త నరసింహులు టోకియో వెళ్లి రెండేళ్లు దాటింది. కోయంబత్తూరులో వ్యవసాయం చదివి, ఉపకార వేతనం దొరకడంతో పై చదువుకు అక్కడి విశ్వవిద్యాలయంలో చేరాడు. వానను నమ్ముకున్న మెట్టచేలల్లో నాలుగు గింజలు ఎక్కువ పండించే విద్య నేర్చుకొస్తానని ఓడెక్కాడు. అప్పటికి పెళ్లయి ఎనిమిది నెలలు. నెలకొక జాబు వచ్చేది. మామ ఓబులయ్య అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, గట్టిగా చదివేవాడు. 'నేను క్షేమం. చదువు బాగా సాగుచున్నది. అందరినీ అడిగినట్లు చెప్పవలెను.' అంతే. జాబు మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

నాలుగు కాగితాల నిండా అక్షరాలు కిక్కిరిసి ఉంటే, చదవడం మాత్రం అంతలోనే ఎట్లా అయిపోతుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. "నన్ను గురించి ఏమన్నా రాసినాడా అత్తా?" అని అడిగితే, "అందరినీ అడిగినాడు గదే. ఆ అందర్లో నువ్వు లేవా?" అని అంకాలమ్మ కసిరేది. 'అందరూ' అన్న మాట వింటేనే కృష్ణవేణికి ఒళ్లు మండేది.

ఆ మంటే ఆమెను పక్కింటి వెంకటరత్నమ్మ దగ్గరకు నడిపించింది. రామాయణం చదువుకునే ముసలావిడ. "మార్కాపురం పలకలు ఎన్ని ఊళ్లకో పోతుండాయి. పక్కనే ఉన్న మనకు అక్షరం ముక్క రాదు" అని నవ్వి, మధ్యాహ్నం పూట దిద్దించింది. చదవడం పట్టుబడేసరికి ఏడాదిన్నర పట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజు అంకాలమ్మ మజ్జిగ చిలకడానికి లోపలికి వెళ్లగానే, కృష్ణవేణి గూట్లోంచి జాబు తీసి అంచు చించింది. కూడబలుక్కుంటూ చదవసాగింది. రెండో కాగితం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

'నాయనా, కృష్ణవేణిని ఇక్కడికి పంపమని ఇది అయిదో జాబు. పరిశోధనకు ఇంకా రెండేళ్లు ఉండవలసి ఉన్నది. తనకు రావడం ఇష్టం లేదని మీరు రాసినారు. నా మనసు నమ్మడం లేదు. మద్రాసు నుంచి వ్యాపారి కుటుంబమొకటి నాలుగు నెలల్లో జపానుకు బయలుదేరుచున్నది. తోడుగా వారితో రావచ్చును. ఇప్పుడూ కాదంటే నేనింక అడగను.'

మధ్యాహ్నం ఓబులయ్య చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా ఆమె జాబు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నాకు ఇష్టం లేదని ఎప్పుడు చెప్పినాను మామా?"

పెళ్లయినప్పటి నుంచి ఆమె మామతో నేరుగా మాట్లాడింది లేదు. ఏదైనా తలుపు చాటు నుంచే. ఓబులయ్య చెంబు పట్టుకుని అలాగే చూశాడు.

"ఆ జాబు ఎవరు చించినారు?"

"నేనే. చదివింది గూడా నేనే."

అంకాలమ్మ గడపలోకి వచ్చింది. "నీకు చదువు యాడిదే?"

"అది తర్వాత చెప్తా అత్తా. రమ్మని ఆయన అయిదుసార్లు రాసినాడు. నేను రానన్నానని మామ రాసినాడు. నన్ను మర్చిపోయినాడని నేనీడ ఏడుస్తాండా. నాకు తను వద్దని ఆయన ఆడ అనుకుంటాండాడు. నేనేం తప్పు చేసినాను?"

"గొంతు తగ్గించు! ఆడమనిషిని సముద్రం ఎట్ల దాటించేది? ఊరేమంటది?" అన్నాడు ఓబులయ్య.

"మావాడు జపానులో ఉండాడని పొదిలి సంతలో చెప్పుకునేటప్పుడు ఊరు గుర్తుకు రాలేదా?"

ఓబులయ్య చెంబు నేలకేసి కొట్టాడు. "అవును, రాసినాను! నువ్వీడ ఉంటేనే వాడు తిరిగొస్తాడు. నువ్వు గూడా పోతే వాడికి ఈ రాళ్ల చేన్లలో ఏముంది?"

"దూడను కట్టేస్తే ఆవు తిరిగొస్తదని నన్ను కట్టేసినావా మామా?"

అంకాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా అడిగింది. "ఏమే, దాంట్లో నా గురించి ఏమన్నా రాసినాడా?"

చదవను పో అన్న మాట కృష్ణవేణి నాలుక చివరిదాకా వచ్చింది. అత్త కళ్లు చూసి ఆగింది. మూడో కాగితం తీసింది.

'అమ్మ మోకాళ్లకు ఆముదం కాచి రాసుకుంటున్నదా? ఇక్కడ మంచు పడినప్పుడు చేతులు కొంకర్లు పోవుచున్నవి. చిన్నప్పుడు అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకున్నది గుర్తుకు వచ్చుచున్నది. అమ్మకు ఈ జాబు పూర్తిగా చదివి వినిపించండి.'

"పూర్తిగా అన్నాడా?"

"అన్నాడత్తా."

అంకాలమ్మ భర్త వైపు తిరిగింది. "ఒక్కనాడన్నా ఈ ముక్క చదివినావా? బిడ్డ నన్ను మర్చిపోయినాడని పోలేరమ్మకు మొక్కుకున్నాను గదయ్యా! తాళంచెవి ఇట్ల ఇయ్యి."

ఓబులయ్య మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు.

పొద్దు వాలేదాకా కృష్ణవేణి జాబులన్నీ చదివింది. తన గురించి రాసిన చోట గొంతు తగ్గిస్తే, "గట్టిగా చదువు, నేనూ వింటా" అని అత్త అదిలించింది. ప్రతి జాబులోనూ చేల ఊసే. తూర్పు చేలో వాన నీరు ఎక్కడ ఆపాలో, తను వచ్చాక ఎక్కడ కట్టలు వేయాలో, బొమ్మలు గీసి మరీ రాశాడు.

"తిరిగొస్తానని ఇన్నిసార్లు రాసినాడు. నువ్వు చదివినవే గదయ్యా ఇవి?" అంది అంకాలమ్మ.

"చదివినాను. నమ్మలేకపోయినాను." స్తంభం పక్కన కూర్చున్న ఓబులయ్య కండువాలో ముఖం దాచుకున్నాడు.

కృష్ణవేణికి జాలి వేయలేదు. పోయిన రెండేళ్లు ఎవరిస్తారు? కానీ ఆ పెద్దాయన భుజాలు అట్లా కదిలిపోతుంటే, చేతిలోని జాబు మడిచి కింద పెట్టింది.

ఆయనే కండువా దించి అన్నాడు. "కాగితం తెచ్చుకోమ్మా. అబద్ధం రాసింది మీ నాయనే అని రాయి. కింద నేను సంతకం పెడతా. తర్వాత నీ మాట నువ్వు రాసుకో."

కర్నూలు కచేరీ నుంచి పాస్‌పోర్టు రావడానికి మూడు నెలలు పట్టింది. దానికోసం తిరిగిందంతా ఓబులయ్యే. ఒక్కోసారి కోపంగా, ఒక్కోసారి నీరసంగా వచ్చేవాడు గానీ, మానలేదు. కృష్ణవేణిని ఆ వ్యాపారి కుటుంబంతో ఓడ ఎక్కించడానికి ఆమె అన్న కోటయ్య మద్రాసు దాకా తోడు వచ్చాడు.

మార్కాపురం స్టేషనులో అంకాలమ్మ కోడల్ని పట్టుకుని వదల్లేదు. బండి కూత వేశాక ఓబులయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు.

"జాబులు నువ్వే రాయమ్మా. జబ్బు చేసినా, కష్టమొచ్చినా దాచకుండా రాయి. మీ అత్తకు నేను చదివి వినిపిస్తా." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క ముక్క గూడా వదలను."

బండి కదిలింది. కృష్ణవేణి కిటికీలోంచి చెయ్యి చాపి, మొదటిసారి మామ చెయ్యి పట్టుకుంది.