అన్నిటికంటే పైనున్న రూల్

ఆసుపత్రి నెట్‌వర్క్ అక్క చేతికి వచ్చేసరికి, అందులో దేన్ని పోనివ్వాలో దేన్ని ఆపాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్ ఏళ్లుగా ఎవరూ సర్దని బీరువాలా ఉన్నాయి. ఒకటి లాగితే పది మీద పడతాయి. ఇదివరకు ఆ పని చూసుకున్న పెద్దాయన ఎవరేం అడిగితే అది రాసుకుంటూ పోయాడే గానీ, ఎందుకు రాశాడో ఒక్క ముక్క చెప్పలేదు. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేడు.

ఆఫీసుకి ఎవరూ రాని ఆదివారం మధ్యాహ్నం, అక్క నడుం బిగించింది. రోగుల మానిటర్లవి ఒకచోట, కార్డుతో తెరుచుకునే తలుపు తాళాలవి ఒకచోట చేర్చింది. పెద్దాయన అన్నిటికంటే పైన పెట్టిన రూల్ మాత్రం అంతు చిక్కలేదు. బేస్‌మెంట్‌లోని పాత గది నుంచి ఏది వచ్చినా ఆపెయ్యమంటుందది. తీసెయ్యడానికి మనసొప్పక, దాన్ని తాళాల రూల్స్ కింద సర్దింది. ఆ గదిలో ఏ మిషనుందో చూసి రమ్మని, ఆ ఆసుపత్రిలోనే కేబుళ్లు లాగే సొంత తమ్ముణ్ణి పంపింది.

"మిషనూ లేదు, పాడూ లేదు," ఫోన్లో అన్నాడు తమ్ముడు. "తెగిపోయిన కేబుల్ వేలాడుతోందంతే. ఒకటే తడిమట్టి వాసన." గొంతు తగ్గించాడు. "అక్కా... తలుపు తాళం దానంతటదే తెరుచుకుంది. నువ్వేనా?"

అక్క తెర వైపు చూసింది. ఫైర్‌వాల్ రూల్స్‌ని పైనుంచి చదువుతుంది, ముందు ఏ రూల్ వర్తిస్తే అదే చెల్లుతుంది. లోపలివాళ్లెవరైనా తాళాలు తెరవొచ్చన్న రూల్ ఇప్పుడు పైకొచ్చింది. పెద్దాయన ఆపిందేదో, దాన్ని ఇక ఆపేదేమీ లేదు.

"వచ్చెయ్ రా. ఉన్నపళంగా వచ్చెయ్."

ఫోన్ కట్ అయింది.

కాసేపటికి తమ్ముడు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. "వచ్చేశావా?" అంటే "ఊఁ" అన్నాడు. అక్క ఆ రూల్‌ని మళ్లీ అన్నిటికంటే పైకి జరిపి సేవ్ చేసింది. ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు.

"అక్కా, కార్డు పెడుతున్నా తలుపు తెరుచుకోవట్లేదు... లోపలే ఉండిపోయాను."

తెర మీద, పై రూల్ పక్కన, ఆపినవాటి లెక్క పెరుగుతోంది. అక్క కూర్చున్న గదిలో తడిమట్టి వాసన...

"ఇక దాన్ని కదపకు," వెనకనుంచి మెల్లగా అంది తమ్ముడి గొంతు.

అక్క తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. ఏ గొంతు తన తమ్ముడిదో తెలియక, ఆ రూల్‌ని పట్టుకుని కిందికి లాగి సేవ్ చేసింది.

ఫోన్లో ఊపిరి తేలికపడింది. "అమ్మయ్య, వచ్చావా అక్కా," అన్నాడు, పక్కన ఎవరితోనో. తర్వాత గుసగుసగా...

"మరి ఈ ఫోన్లో ఎవరు?"