మేకుకు వేలాడే టోకెన్

సూర్యారావుకి అనుమానం ఎక్కువ. పాలవాడి ముందే పాలు వాసన చూస్తాడు. గ్యాస్ కట్టేసి, మళ్లీ రెండుసార్లు వెళ్లి ముట్టుకుని వస్తాడు. అలాంటి మనిషిని కూచోబెట్టి, అండమాన్ వెళ్తే వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి ఎక్కడ దిగాలో తేల్చిపెట్టమంది కూతురు మధులత.

ఆదివారం సాయంత్రం. వాళ్లుండే రిసాలిలో వాన దంచేస్తోంది. కరెంటు పోయి గంటయింది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. తడిసిన గోడల వాసన, చూరు నీళ్ల చప్పుడు, లాప్‌టాప్ వెలుతురు. మధులత మూడు చోట్లు ఏరి పెట్టుకుంది. మునిగిపోయిన ఓడ ఒకటి, లోతుకి దిగే రాతిగోడ ఒకటి, ఒడ్డుకి దగ్గర్లో పగడాల దిబ్బ ఒకటి.

"అరే, ముప్పయ్యేళ్లు వీపుకి సిలిండర్ కట్టుకుని గ్యాస్‌లోకి దిగేవు. నిన్ను కాకపోతే ఎవర్ని అడగాలి నాన్నా?"

నిజమే. పేరెందుకుగానీ, ఒక ప్రైవేటు కర్మాగారంలో ఆయన పని అదే. గ్యాసు నిండిన సొరంగంలోకి ఇద్దరిద్దరుగా వెళ్లాలి. వెళ్లేముందు తలుపు పక్క మేకుకి ఎవరి ఇత్తడి టోకెన్ వాళ్లు తగిలించాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. మేకుకి టోకెన్ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. గాలి అయిపోవస్తే సిలిండర్ దానంతటదే సన్నగా విజిల్ వేస్తుంది.

మధులత ఓడ ఫొటో తెరిచింది.

వంటింట్లోంచి సన్నగా విజిల్.

"కుక్కర్ పెట్టేవేటే?"

"లేదు. పొయ్యే ముట్టించలేదు."

రాతిగోడ తెరిచింది. ఈసారి విజిల్ గుమ్మం దగ్గర్నుంచి. తడి రబ్బరు వాసన కూడా... మధులతకి ఏమీ వినబడినట్టు లేదు. సూర్యారావు గుమ్మంకేసి చూశాడు. ఎవరో వద్దని హెచ్చరిస్తున్నారనుకున్నాడు. ఎవరో కూడా తెలుసు. ఆ పేరు తలుచుకోవడం మానేసి పదకొండేళ్లయింది.

పగడాల దిబ్బ తెరిచింది.

విజిల్ ఆగిపోయింది.

"ఇదే! ఇదే బుక్ సెయ్యి," అన్నాడు, ఊపిరి పీల్చుకుని. "నీతో దిగిన జోడీని ఒగ్గీసి మాత్రం పైకి రాకు తల్లీ."

"నువ్వెప్పుడైనా ఒగ్గీసేవా ఏటి?" నవ్వుతూ మీట నొక్కేసింది.

సూర్యారావుకి నవ్వు రాలేదు. పదకొండేళ్ల కిందట ఆ రోజు సొరంగంలో, తనతో జోడీగా దిగిన అప్పలకొండ వెనకపడ్డాడు. అతని విజిల్ వెనకాలే వినిపిస్తోంది. సూర్యారావు ఆగలేదు. తలుపు దాటేసరికి ఆ విజిల్ ఆగిపోయింది. మేకుకున్న రెండు టోకెన్లూ లాగేసుకున్నాడు. ఖాళీ మేకు చూసి, ఇద్దరూ వచ్చేశారనుకుని కాపలావాడు తలుపు బిగించేశాడు. అప్పుడైనా అరవొచ్చు. భయపడి అరవలేదు. శవం దొరికాక అడిగితే, అప్పలకొండే తన టోకెన్ తీసుకుని, తలుపు బిగించేలోపు మళ్లీ లోపలికెళ్లాడేమో అన్నాడు. అందరూ నమ్మేశారు.

గాలి ఉన్నంతసేపే విజిల్. ఆగిందంటే...

ఆగిన చోటే కూతురికి ఏరి ఇచ్చాడు.

"కేన్సిల్ సేసీ! ఎక్కడా దిగొద్దు!"

"ఏమైంది నాన్నా?"

"సెప్తాను. అంతా సెప్తాను. ఇక్కడే ఉండు."

ముందుగదిలోకి వెళ్లాడు. ఫోన్ వెలుతురులో ఇనప్పెట్టె తెరిచాడు. అడుగున చేతిరుమాల్లో ముడేసి ఇన్నాళ్లూ దాచి ఉంచాడు అప్పలకొండ టోకెన్‌ని, నలభయ్యేడో నంబరు. అది కూతురి చేతిలో పెట్టి మొత్తం ఒప్పేసుకుందామని. ముడి వేసినట్టే ఉంది. విప్పాడు. రుమాలు తడిసి ముద్దయింది.

లోపల ఏమీ లేదు.

తల ఎత్తాడు. వీధి తలుపు పక్క, మధులత స్కూటీ తాళాలు తగిలించే మేకు. తాళాల పక్కన ఏదో మెరిసింది.

నలభయ్యేడు. దాని అంచునుంచి నీళ్లు ఒక్కో చుక్కా కారుతున్నాయి.

చెయ్యి చాచాడు. తీసేస్తే మళ్లీ అదే పని చేసినట్టు. ఉంచేస్తే... అతను లోపల ఉన్నట్టు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వెనక గదిలోంచి మధులత గొంతు వినిపించింది, విసుగ్గా.

"భుజం మీంచి చెయ్యి తీ నాన్నా. తడిసిపోతున్నాను."