పూల్ గదిలో మందు వాసన

"మేడమ్, నేను బిడ్డ పానం తీయబోయిన అంటున్నరు. నిజంగ నాతోనే తప్పయిందేమో, నాకే సమజైతలేదు!"

ఛత్రినాకలోని ఆశ్రిత డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేవాళ్ళు మామూలుగా తమ తప్పేమీ లేదని ఒట్లు వేస్తారు. తప్పు తనదేనేమోనని వణుకుతూ వచ్చినవాడు నసీరుద్దీన్ ఒక్కడే. కార్వాన్‌లో పాల వ్యాపారి రవీందర్ ఇంటి లోపలున్న పాత స్విమ్మింగ్ పూల్‌ను చూసుకునేది ఇతనే. నిన్న పొద్దున రవీందర్ కూతురు స్వీటీ ఈత కొడుతూ ఊపిరాడక ఒడ్డున కూలబడింది. నీళ్ళలో క్లోరిన్ మందు కుమ్మరించావంటూ రవీందర్ అతని చెంప పగలగొట్టాడు. ఇవాళ సాయంత్రం పోలీసు కేసు పెడతానన్నాడు.

"ఎప్పుడూ వేసేదానికంటే ఎక్కువ వేశారా?" ఆశ్రిత అడిగింది.

"లేదు మేడమ్. కానీ వాసన మస్తు ఘాటుగున్నది. నెలల కొన్ని రోజులు గట్లనే అయితది, మళ్ళ అదే తగ్గుతది. చెయ్యి తప్పిందేమో అని ఒకటే ఫికర్."

"ఘాటుగా ఉందంటే ఎక్కువ పడ్డట్టే కదా మేడమ్," అసిస్టెంట్ కృపాకర్ తేల్చేశాడు. కేసు మొదలవకముందే తీర్పు చెప్పడం అతని అలవాటు. తన తీర్పు తప్పిన ప్రతిసారీ ఆశ్రితమీద అతనికి భక్తి ఇంకాస్త పెరుగుతుంది. ఆమె నవ్వి బ్యాగు తీసుకుంది.

ఆ పూల్ కట్టించింది రవీందర్‌కు ఇల్లమ్మిన పాత యజమాని. గది కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఈత కొట్టే ఆడపిల్ల పక్కింటివాళ్ళ కంట పడకూడదని రవీందర్ తల్లి రాజమణి మూయించిందట. లోపలి గాలిని బయటికి పంపే ఫ్యాన్ చెడిపోయి చాలాకాలమైంది. అడుగుపెట్టగానే కృపాకర్ కళ్ళు భగ్గుమన్నాయి.

ఆశ్రిత దారిలో కొన్న పరీక్ష డబ్బా విప్పి, గాజు గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి మాత్ర వేసింది. "ఇంకా పనిచేసే క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి."

రాలేదు. అదే గొట్టంలో ఇంకో రకం మాత్ర వేసింది. ఈసారి ముదురు గులాబీ రంగు తేలింది. "ఇదంతా మురికితో కలిసి పాడైపోయిన క్లోరిన్."

కృపాకర్ ఇంకో తీర్పు చెప్పబోయి బుద్ధిగా నోరు మూసుకున్నాడు.

పంపు దగ్గర చెత్త ఆపే జాలిబుట్టను నసీరుద్దీన్ బయటికి తీశాడు. అందులో వెంట్రుకలతోపాటు తులసాకులున్నాయి. గదిలో మొక్కన్నది లేదు, కిటికీ తెరిచిందీ లేదు.

వరండా మూలన స్వీటీ చాపమీద ఒంటరిగా కూర్చుంది. రాజమణి మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు మనవరాలి చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెనక్కి జరిగింది. చూపు మాత్రం ఆ పిల్ల మొహాన్ని వదల్లేదు.

"ఈ చాపమీద ఎన్నాళ్ళు?" ఆశ్రిత మెల్లగా అడిగింది.

"నెలసరి అయిపోయేదాకక్కా. నానమ్మకు పట్టింపు. నేను ఈత మాత్రం మానలే, పోటీలు దగ్గరికొచ్చినయి. గీ రోజుల్లనే దమ్ము పట్టేస్తది."

ఇంటి వెనక ఆవుల కొట్టం, తులసికోట, పక్కన మూతపెట్టిన బకెట్. ఆశ్రిత మూత ఎత్తి, ముక్కు చిట్లించి దించేసింది. ఇంట్లోవాళ్ళందర్నీ పూల్ గదిలోకి రమ్మంది.

"మంచి నీళ్ళల్లో క్లోరిన్ ఇంత ఘాటుగా ఉండదు," అంది. "మూత్రంలాంటిది కలిస్తే క్లోరిన్ దానితో కలిసి ఈ విషపు గాలి అవుతుంది. కిటికీలు మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది? నసీర్ భాయ్ మందు ఎక్కువ వేయలేదు. వేసింది కాస్తా ఖర్చయిపోయింది."

"ఎవడు కలిపిండు? వాని చేతులు ఇరగ్గొడ్త!" రవీందర్ అరిచాడు.

"ఆ మాట వెనక్కి తీసుకోవాల్సొస్తుందన్నా. స్వీటీ దూరం కూర్చునే రోజుల్లోనే నీళ్ళు పాడవుతున్నాయి. ఆమె ఈది వెళ్ళాక, నీళ్ళు మైలపడ్డాయని ఎవరో శుద్ధి చేస్తున్నారు. బకెట్టెడు ఆవు పంచితం, అందులో తులసాకులు."

రాజమణి ఉన్నచోటే చతికిలబడింది.

"నేనే పోసిన. మా అత్త ఇంట్ల గింత చల్లేది. ఇన్ని నీళ్ళకు చల్లితె సరిపోదని బకెట్ పోసిన. బిడ్డకు పాపం తగులొద్దనుకున్న, దాని దమ్ము నేనే ఆపిన." కొంగుతో మొహం కప్పుకుంది. "ఇయ్యాల పొద్దుగాల మళ్ళ బకెట్ పోద్దామని వస్తె ఘాటుకు నాకే దగ్గొచ్చింది. గప్పుడు అనుమానమొచ్చింది. అయినా నోరు తెరవలే. నసీరు జైలుకు పోతడని తెలిసీ తెరవలే."

రవీందర్ తన కుడిచేతిని చూసుకున్నాడు. "ఫ్యాన్ బాగుచేయించమని నసీరు మస్తుసార్లు చెప్పిండు. నేనే పట్టించుకోలే. భాయ్, నన్ను గూడ ఒకటి కొట్టు."

"ఛోడో సేట్, ఇడిసిపెట్టు," అన్నాడు నసీరుద్దీన్. చెంప ఇంకా వాచే ఉంది. "సగం నీళ్ళు తీసి కొత్తయి నింపుదాం. ముందుగాల కిటికీలు తెరువుండ్రి."

రాజమణి లేచి, తాను మూయించిన కిటికీలను తానే ఒక్కొక్కటీ తోసింది. తర్వాత బయటికి వెళ్ళి, వరండాలో ఇంకా నేలమీదే ఉన్న నీళ్ళ గ్లాసు తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనవరాలి దగ్గరికి నడిచింది.

స్వీటీ అలవాటుగా వెనక్కి జరిగింది. "అంటుకుంటది నానమ్మా. కింద పెట్టు."

రాజమణి ఆగలేదు. పిల్ల చేయి పట్టుకుని, గ్లాసు అందులో పెట్టింది.

"తాగు బిడ్డా," అంది. నీళ్ళు తాగడం అయిపోయాక కూడా ఆ చేయి వదల్లేదు.