ఫోటోల వెనకవైపు

పొద్దున్నే కాఫీ కోసం వంటగదిలోకి వచ్చిన అత్తగారి చేతిలో కోడలు బరువైన ఆల్బమ్ పెట్టింది. అత్తగారు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. అంతరిక్షయాత్రల తొలిరోజుల ఫోటోలు పోగుచెయ్యడం ఆవిడ పిచ్చి. అందుకే వీధిలో అందరికీ ఆవిడ రాకెట్టత్తయ్య.

"మీ పుట్టినరోజుకి, అత్తయ్యా. అట్టపెట్టెలో మగ్గిపోతున్నాయని అన్నీ అంటించేశాను."

మొదటి పేజీలో చంద్రుడి మీద గుంటలు, హెల్మెట్‌లో నవ్వుతున్న కుర్రాడు. ఎంతో పొందిగ్గా ఉన్నాయి. ఆవిడ గోటితో ఒక ఫోటో అంచు లేపబోయింది. లేవలేదు.

"వీటి వెనకాల ముద్రలుండాలే?"

"ఏవో ఊదారంగు మరకలు. వెనకవైపు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను! అప్పట్లో వేసిన ఆ ముద్ర కనబడకపోతే అది ఆనాటి ప్రింటో, నిన్నటి కాపీయో ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ల కష్టం మట్టిపాలు చేశావు. నా సామాను ముట్టుకోమని నీకెవరు చెప్పారు?"

మాట ఎక్కువైందని ఆవిడకే తెలుసు, కానీ నోరు ఆగలేదు. నోట్లో బ్రష్‌తో వచ్చిన కొడుకు సంగతి గ్రహించి వచ్చినదారినే వెళ్లిపోయాడు. ఇలాంటప్పుడు అతగాడు ఎంతసేపైనా పళ్లు తోముతాడు.

"మీ సామాను, మీ గది, మీ గిన్నెలు." కోడలు ఒక్కోదానికీ ఒక వేలు మడిచింది. "ఈ ఇంట్లో నేను ముట్టుకోదగ్గది ఒక్కటైనా ఉందా అత్తయ్యా?"

అంటూనే ఆల్బమ్ లాక్కుని ఒక ఫోటో పీకబోయింది.

"ఆగు, చిరుగుతుంది! దేంతో అంటించావు?"

"మైదా ఉడకబెట్టి."

అత్తగారు ఊపిరి పీల్చుకుంది. "బతికించావు. పెద్ద పళ్లెంలో నీళ్లు పొయ్యి."

"నీళ్లలో ఫోటోలా!"

"ఈ పాతకాలం ఫోటోలు పుట్టిందే నీళ్లలో. డార్క్‌రూమ్‌లో నేనెన్ని ఎక్స్‌రేలు కడగలేదూ!"

పేజీలు కత్తిరించి నానబెట్టారు. జిగురు మెత్తబడి ఒక్కో ఫోటో ఊడివచ్చింది. కోడలు వాటిని రెండు చేతులా ఎత్తి తువ్వాలు మీద ఆరబెట్టింది. ఒకదాని ముద్ర కాస్త అలుక్కుపోయింది. అత్తగారు చూసీ చూడనట్టు ఊరుకుంది.

చివరి పేజీలో రాకెట్టూ లేదు, చంద్రుడూ లేడు. బరువైన సీసపు ఆప్రాన్, మోచేతులదాకా గ్లోవ్స్ వేసుకుని ఎక్స్‌రే మెషిన్ పక్కన నిలబడ్డ పడుచుపిల్ల. అచ్చం చంద్రుడి మీదికి బయల్దేరినట్టే ఉంది. కింద కోడలి దస్తూరీలో 'మా అత్తయ్య' అని రాసి ఉంది.

అత్తగారి కళ్లు నిండాయి. ఈ పిల్లనా ఇందాక అన్నేసి మాటలన్నది!

కోడలు కత్తెర అందుకుంది. ఆవిడ చప్పున చెయ్యి పట్టుకుంది.

"దాన్ని తడపకమ్మా. అది అలాగే అంటుకుని ఉండనీ. మిగతావి ఆరాక పెట్టెలో నువ్వే సర్దు."