అత్తగారి బాండు, మామగారి కవర్లు

అత్తగారి ఫోను టింగుమన్నప్పుడు ఆవిడ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. ముందుగదిలో కోడలిని స్టూలు మీద నిలబెట్టి, మందుల షాపులో వేసుకునే తెల్లకోటు అంచు సరిచేస్తున్నారు. చేతులు ఖాళీ లేక, చూడమన్నట్టు కనుబొమలు ఎగరేశారు. కోడలు వంగి ఫోను అందుకుంది. ఒకసారి మనసులో చదువుకుంది, రెండోసారి పైకి చదివింది.

"మీ పొదుపు బాండు గడువు పూర్తయినది. అసలు పది లక్షలు మీ ఖాతాలో జమ చేయబడినవి."

అత్తగారు తొందరపడలేదు. గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి సూదుల దిండుకు గుచ్చారు. నాలుగోది గుచ్చాక మాత్రం, కోడలి నడుము పట్టుకుని స్టూలు మీంచి దించి గిర్రున తిప్పేశారు. సగం కుట్టిన కోటు అంచు గాలికి గొడుగులా విచ్చుకుంది. పెళ్ళయి నాలుగు నెలలే అయింది. అత్తగారు ఇలా కూడా తిప్పుతారని కోడలికి తెలియదు. కళ్ళు తిరుగుతున్నా, ఇంకోసారి తిప్పితే బాగుండుననుకుంది.

నోటినిండా పేస్టు నురగతో కొడుకు బయటికొచ్చాడు. "ఏంటమ్మా ఈ సందడి? ఎవరికైనా పెళ్ళి కుదిరిందా?"

"నాకేరా. పది లక్షలతో" అన్నారు అత్తగారు.

ఆవిడ ఎదురుచూసింది ఈ డబ్బు కోసమే. ఇరవై రెండేళ్ళుగా వీధి మలుపులో అద్దె గదిలో కుట్టుమిషన్లు పెట్టుకుని పనిచేస్తున్నారు. ఆ గది యజమానురాలు దాన్ని అమ్మేస్తోంది. ఇరవై లక్షలు ధర, కాగితాల ఖర్చు ఇంకో లక్షన్నర. ఫోన్లు అమ్మే అతనొకడు ఆ గది కోసం కాచుకుని కూర్చున్నాడు. "మీ మీద అభిమానం కొద్దీ రేపటిదాకా ఆగుతాను" అంది యజమానురాలు. అత్తగారి పేరున పది లక్షల బాండు, మామగారి పేరున పది లక్షల బాండు ఏళ్ళ కిందటే ఒకే రోజు కొన్నారు, రెండింటి గడువూ ఇవాళే. పైన కావలసిన లక్షన్నర కొడుకు ఆఫీసులో అప్పు తీసుకుంటానన్నాడు.

"మూడేళ్ళ కింద ఈ బాండు ధర వంద నుంచి తొంభై రెండుకు పడిపోయిందని ఇల్లంతా గోల. మీ నాన్న పొద్దున్నే పేపర్లో ధర చూసుకుని కాఫీ చల్లారబెట్టుకునేవారు" అన్నారు అత్తగారు, కోటు మళ్ళీ సరిచేస్తూ. "నేనేమన్నానో తెలుసా అమ్మాయ్? చివర్లో వంద ఇస్తామని రాసిచ్చినవాడు ఉండగా, మధ్యలో ఎంత పలికితే నాకేం? చేతులు కుట్టకముందే చూసి చొక్కా బాలేదంటే ఎలా అన్నాను."

"కానీ ధర ఎందుకు పడింది అత్తయ్యా?"

జవాబు కొడుకు చెప్పాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ప్రపంచంలో ఏ సంగతైనా అతనికి లిఫ్టులోంచే కనపడుతుంది. "లిఫ్టు పైకి వెళ్తుంటే వెనకాల బరువు కిందికి దిగుతుంది కదా. వడ్డీ రేట్లు లిఫ్టు, పాత బాండు ధర ఆ బరువు. బయట తొమ్మిది శాతం ఇస్తుంటే, అమ్మ ఆరు శాతం కాగితాన్ని వందకి ఎవరు కొంటారు? తగ్గించి అడుగుతారు. అమ్మకుండా కూర్చున్నవాళ్ళకి మాత్రం గడువు రోజున పూర్తి వంద వస్తుంది."

ఇంత చెప్పి మెచ్చుకోలు కోసం భార్య వైపు చూశాడు. ఆమె తన గడ్డం తట్టి చూపించింది. అతని గడ్డం మీద ఇంకా నురగ ఉంది.

"ఏవండీ," అని అత్తగారు వరండాలోకి కేకేశారు, "మీదీ వచ్చుండాలి, ఫోను చూడండి."

మామగారు గడియారాల మెకానిక్. వరండాలో కిటికీ పక్క బల్ల మీద, కళ్ళజోడు ఒక అద్దానికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారం పొట్ట విప్పుకుని ఉన్నారు. "ఛార్జింగు లేదు" అన్నారు తలెత్తకుండా.

"ఇలా ఇవ్వండి నాన్నా, పెడతాను."

"తర్వాత చూద్దాంలేరా. స్క్రూ ఎక్కడో పడింది."

కోడలు వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. బల్ల కింద అద్దంలా తుడిచిన నేల తప్ప ఏమీ లేదు. తలెత్తేసరికి మామగారు నేలకేసి కాదు, పక్కన బోర్లించిన ఫోనుకేసి చూస్తున్నారు. బియ్యపుగింజలో సగమంత పళ్ళచక్రం పడినా తనే వంగి వెతుక్కునే మనిషి ఆయన. మందుల షాపు కౌంటరు ముందు చీటీ ఇవ్వడానికి సంకోచించేవాళ్ళని ఆమె రోజూ చూస్తుంది. "మామయ్యా, స్క్రూ పడలేదు కదా" అంది మెల్లగా.

ఆయన కంటి మీది భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "నా బాండు లేదమ్మా. అప్పుడే అమ్మేశాను."

అత్తగారు చేతిలో సూదితో సహా ముందుగదిలోంచి వచ్చారు.

"ఎప్పుడు?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"తొంభై రెండుకు పడ్డ వారమే. వాచీల కంపెనీ ఏజెంటు డెబ్భైకి పోతుందన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి తొమ్మిది లక్షల ఇరవై వేలకి అమ్మేసి వచ్చాను. నీకు చెబుదామనే ఇంటికొచ్చాను. నువ్వు ఆ రోజే చొక్కా సామెత చెప్పి నవ్వుతున్నావు. నోరు రాలేదు."

"మరి ఆరునెలలకోసారి ముప్ఫై వేలు తెచ్చి నా చేతిలో పెడుతున్నారే, బాండు వడ్డీ అని?"

కొడుకే లెక్క పూర్తి చేశాడు, గొంతు తగ్గించి. "ఆదివారాలమ్మా. ఆఫీసుల్లో గోడగడియారాలు బాగుచేసే కాంట్రాక్టు డబ్బే అది."

అత్తగారు గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డారు. మూడేళ్ళుగా ఆ ఆదివారాల మీద ఆవిడకి ఎంత కోపమో ఇంట్లో అందరికీ తెలుసు. ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళడం మానేశారు. మధ్యాహ్నం భోజనం ఒక్కరే తినేవారు. "మీ నాన్నకి నాకంటే సెకన్ల ముల్లంటే ఇష్టం" అని కొడుకుతో హాస్యమాడేవారు గానీ, అందులో హాస్యం సగమే.

"ఎనభై వేలు పోయిందని దొంగలా తిరిగారా మూడేళ్ళు?" అన్నారు. గొంతు పెరిగింది. "పోతే పోయింది. అమ్మేశానే, బుద్ధి గడ్డి తిన్నది అంటే నేనేం చేసేదాన్ని? ఓ పూట తిట్టేదాన్ని, రెండో పూటకి మరిచిపోయేదాన్ని. ఒక్క పూట తిట్లకి భయపడి నూటయాభై ఆదివారాలు ధారపోశారు. ఆ లెక్క ఏ బ్యాంకువాడు తిరిగిస్తాడు?"

"నువ్వు గెలిచావు, నేను ఓడాను. ఆ మాట చెప్పుకోలేకపోయాను."

"మనిద్దరికీ పందెం ఎప్పుడయిందండీ?"

ఆ మాట అంటూనే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బల్ల దగ్గరికి వచ్చి ఆయన కుడిచేయి తీసుకుని, చూపుడువేలి మీద పట్టకారు ఒత్తుకుని కాయ కాచిన చోట తడిమారు. ఆ కాయ ఆవిడ ఇంతకుముందు చూడలేదు. మామగారు ఇంకో చేత్తో కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటించారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళిపోదామా అనుకుంది కోడలు. కానీ ఆమెకో అలవాటుంది. మందు డబ్బాలో మడతపెట్టిన కాగితాన్ని కూడా చివరి అక్షరం దాకా చదివితే గానీ వదలదు. ఒక ప్రశ్న మిగిలిపోయింది.

"మామయ్యా, అమ్మితే వచ్చిన తొమ్మిది లక్షల ఇరవై వేలు ఎక్కడుంది?"

"బ్యాంకులోనే. ఇంటికి తేలేను కదా. కౌంటర్లో అమ్మాయి కొత్తగా వచ్చిన ఇంకో బాండు ఇచ్చింది, మూడేళ్ళది. దానికోసం వేరే ఖాతా కూడా తెరిచింది. నా బుర్ర ఎక్కడుంది అప్పుడు? ఏదో చెప్పింది, తలూపాను. అది వడ్డీ లేని బాండమ్మా. ఇప్పటికి ఒక్కసారీ రూపాయి రాలేదు. అసలన్నా ఉంటుందిలే అనుకున్నాను."

"కాగితాలు ఉన్నాయా?"

ఉన్నాయి. పాత అలారం గడియారాల సొరుగు అడుగున ఏడు కవర్లున్నాయి. ఒక్కటీ చింపలేదు. "చూసినప్పుడల్లా ఎనభై వేలు గుర్తొచ్చేది" అన్నారు ఆయన తప్పు చేసిన పిల్లాడిలా.

కోడలు మొదటి కవరు చింపి నిలబడే చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి బల్ల అంచున కూర్చుంది. ఆఖరి కవరు చింపాక భర్తని మోచేత్తో పొడిచింది. అతను ఆమె భుజం మీంచి తొంగి చూసి "అబ్బా" అన్నాడు.

"ఏమైంది, అసలు కూడా పోయిందా?" అన్నారు మామగారు.

"ఇది వడ్డీ లేని బాండు కాదు మామయ్యా. వడ్డీని మధ్యలో చేతికివ్వరు, అసలుకి కలిపేస్తారు. మరుసటి ఏడు ఆ మొత్తం మీద మళ్ళీ వడ్డీ. ఏడాదికి తొమ్మిది శాతం. మీరు అమ్మిన రోజున పాత బాండు ధర పడిందంటే బయట వడ్డీలు పెరిగాయనే కదా. ఆ పెరిగిన వడ్డీకే మీరు ఇది కొన్నారు. గడువు తొమ్మిది రోజుల కిందే అయిపోయింది." గొంతు సవరించుకుంది. "పదకొండు లక్షల తొంభై ఒక్క వేల నాలుగు వందల ఇరవై ఏడు."

"మళ్ళీ చదువమ్మా."

మళ్ళీ చదివింది. నమ్మకం కుదరక కొడుకు బ్యాంకు నంబరుకి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. ఖాతాలో నిల్వ ఎంతో చెప్పే యంత్రం గొంతు అక్షరం పొల్లుపోకుండా అదే అంకె చెప్పింది. మామగారు ఇంకోసారి వినాలన్నారు. మూడోసారి అందరూ యంత్రంతో కలిసి పైకే చెప్పారు, ఎక్కాల పుస్తకం అప్పజెప్పినట్టు. చివరి ఏడు దగ్గర కోడలు చప్పట్లు కొట్టింది. అవి ఆగాక కూడా నవ్వు ఆగలేదు.

"అయితే నాన్నా, ఓ లిఫ్టు దిగి ఇంకో లిఫ్టు ఎక్కారు, అది పైకి వెళ్తోందో లేదో చూడకుండా కళ్ళు మూసుకుని నిలబడ్డారు" అన్నాడు కొడుకు. "మధ్యలో ఆరుసార్లు ఇచ్చిన వడ్డీ మీ జేబులోంచి కాబట్టి ఇదంతా ఇలా పెరిగింది. ఇద్దరివీ కలిపితే ఇరవై ఒక్క లక్షల తొంభై ఒక్క వేలు. నా అప్పు అక్కర్లేదు. ఇంకా నలభై వేలు మిగులుతుంది."

"నా బాండు కూర్చుని సంపాదించింది, మీది దాక్కుని సంపాదించింది" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "అలా అని ఆ ఏజెంటు మాట విన్నందుకు మిమ్మల్ని వదిలిపెట్టను. ఈ పూటంతా తిడతాను. మూడేళ్ళ బాకీ."

"తిట్టు" అన్నారు మామగారు. కంటికి భూతద్దం లేకపోయినా ఆవిణ్ణే పరీక్షగా చూస్తూ, "వడ్డీతో సహా తిట్టు" అన్నారు.

ఆవిడకి తిట్టు ఒక్కటీ దొరకలేదు. ఫోను తీసి గది యజమానురాలికి కలిపారు. ఇన్నాళ్ళూ అద్దె ఆలస్యమైతే వినిపించే మెత్తటి గొంతు కాదది. గది తనే తీసుకుంటున్నానని, ఆ ఫోన్ల అతన్ని వేరే చోటు చూసుకోమని, కాగితాల్లో కొనేవాళ్ళ పేర్లు రెండు రాయించమని చెప్పారు.

"రెండా? నా పేరెందుకే?" అన్నారు మామగారు.

అత్తగారు ఫోను పెట్టేసి, కొంగు నడుములో దోపుకున్నారు. మిషన్ల గదిలో నలుగురు కుట్టేవాళ్ళకి పని పంచేటప్పుడు నిలబడేది అలాగే.

"అందరూ వినండి. రేపు పొద్దున్న పదింటికి సంతకాలు. నువ్వు సెలవు పెట్టరా, అమ్మాయి కూడా పెడుతుంది, కాగితాలన్నీ చివరి అక్షరం దాకా తనే చదవాలి. పన్నెండింటికి తాళంచెవి మన చేతికి వస్తుంది. ఏవండీ, అక్కణ్ణుంచి మీరూ నేనూ ఆ గోడగడియారాల ఆఫీసుకి వెళ్తున్నాం. ఆదివారం పని ఇక చేయరని మీరు చెప్పండి. మీకు నోరు రాకపోతే, పక్కనే ఉంటాను కదా, నేను చెబుతాను."