పళ్లపెట్టెలో రోటర్

ఆమె నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నోట్లో ఒక పక్క దూది, ఇంకో పక్క చిన్న అద్దం. అలాంటప్పుడు ఎవరైనా కళ్లు మూసుకుంటారు, లేదంటే పైకప్పు చూస్తారు. ఆమె మాత్రం డాక్టర్ బల్ల వైపు వేలు చూపిస్తూ గొడవ మొదలుపెట్టింది.

"ఆఁ... అఁ... అఁఅఁఅఁ!"

"నొప్పి పుడుతోందా?" పళ్ల డాక్టర్ కంగారు పడ్డాడు.

ఆమె తల అడ్డంగా ఊపి, దూది తనే పీకి పారేసింది. "ఆ పెన్‌స్టాండ్ ఎక్కడిది?"

"అదా? చిన్నప్పటినుంచీ నా దగ్గరే ఉంది. ఐదు గొట్టాలు, ఐదు పెన్సిళ్లు. బాగుంది కదా?"

"ఎందుకు బాగుండదూ! అది కారు ఇంజన్‌ది. డిస్ట్రిబ్యూటర్ మూత. మధ్య గొట్టంలోకి కరెంటు వస్తుంది, చుట్టూ ఉన్న నాలుగింట్లోంచి నాలుగు ప్లగ్గులకి పోతుంది. మీరు పెన్సిళ్లు గుచ్చారు. చదువుకున్నారు కదండీ!"

ముప్పై ఏళ్లకి దగ్గరపడిన ఆ డాక్టర్‌ని ఇంతవరకూ నోరు తెరిచి తిట్టినవాళ్లు లేరు. ఎదుటివాళ్ల నోళ్లు తెరిపించడమే అతని పని. అందుకే కాబోలు, ఆ తిట్టు అతనికి భలే నచ్చింది.

ఆమె మెకానిక్. నాన్న తర్వాత గ్యారేజీ తనే నడుపుతోంది. ఆ మూత ఏ కారుదో చూడగానే చెప్పేసింది. ఆ కారు తమ ఇంటి వెనక షెడ్డులో ఇరవై ఏళ్లుగా పడి ఉందని అతను చెప్పగానే, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ముందు పన్ను," అన్నాడు అతను.

"ముందు కారు," అంది ఆమె.

పన్నే ముందు అయింది. ఎందుకంటే ఆమె మెడకి కట్టిన గుడ్డ కుర్చీకి చిక్కుకుపోయింది.

---

కారు బాగానే ఉంది. అందులో ఉండాల్సినవే ఇల్లంతా ఉన్నాయి.

ఆయిల్ కొలిచే పుల్లతో నానమ్మ నీళ్ల డ్రమ్ము కొలుస్తోంది. రేడియేటర్ మూత తాతయ్య పేపర్లు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది. ఒక చక్రం మూతలో పిల్లి పాలు తాగుతోంది. మూడు రోజులపాటు డాక్టర్, మెకానిక్ గదిగదికీ తిరిగి, ప్రతి వస్తువుకీ బదులు ఇంకోటి ఇచ్చి, బతిమాలి వసూలు చేశారు. పిల్లి ఒక్కటే ఒప్పుకోలేదు. దానికి స్టీలు పళ్లెం ఇస్తే వాసన చూసి మొహం తిప్పుకుంది.

గాలి వడకట్టే డబ్బా విప్పితే లోపల ఎలుకల గూడు. ఆ గూడంతా కొరికేసిన ఒక అట్ట. దానిమీద అక్షరాలు కూడబలుక్కుని తాతయ్య గట్టిగా చదివాడు. "నాలుగో తరగతి... లెక్కలు... పదకొండు. హెడ్మాస్టర్ సంతకం. ఒరేయ్! ఈ ప్రోగ్రెస్ కార్డు పోయిందన్నావు కదరా?"

"దాచడం వీడికి చిన్నప్పటినుంచీ చేతకాదు," అంది నానమ్మ.

తాతయ్యకి ఈమధ్యే కళ్ల ఆపరేషన్ అయింది. చూపు వచ్చిన దగ్గరనుంచీ ఆయన అందరి తప్పులూ చదువుతున్నాడు. పైగా ఒక బాంబు కూడా పేల్చాడు. "ఈ ఆదివారం కాక పై ఆదివారం పదింటికి పాత ఇనుము లారీ వస్తోంది. అప్పటికి స్టార్టయితే ఉంటుంది. లేకపోతే తూకానికి పోతుంది. నడవని బండిని చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

"నలుగురు తోస్తే స్టార్టవదూ?" అని కూడా అన్నాడు.

"తాతగారూ, ఆ పని మాత్రం చెయ్యకండి!" మెకానిక్ కారుకి అడ్డంగా నిలబడింది. "ఇరవై ఏళ్లు ఆగిన ఇంజన్. లోపల తుప్పు పట్టి ఉంటే విరుగుతుంది. ముందు పాత పెట్రోలు తీసెయ్యాలి, రబ్బరు పైపులు మార్చాలి. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో ఆయిల్ పోసి ఎనిమిది రోజులు నానబెట్టాలి. నేను రోజూ వచ్చి చేత్తో పావు వంతు తిప్పి చూడాలి."

"రోజూనా?" అన్నాడు డాక్టర్.

"రోజూ," అంది ఆమె, చాలా సీరియస్‌గా.

అలా రోజూ వచ్చింది. సన్న రంధ్రాల్లో మురికి తియ్యడానికి అతను క్లినిక్‌లోంచి పళ్లు గీకే సూదులు తెచ్చాడు. కార్బురేటర్‌ని దీపం కింద పెట్టి, "కొంచెం నోరు తెరవండి," అన్నాడు అలవాటుగా. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వులో కొత్తగా నింపిన పన్ను మెరిసింది. తను నింపిన పన్నే తన కొంప ముంచుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

గురువారానికి అన్నీ దొరికాయి, ఒక్క రోటర్ తప్ప. బొటనవేలంత ముక్క. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచేది అదే. అది లేకపోతే ఏం చేసినా ఇంజన్ అంటుకోదు.

ఆ సాయంత్రం నానమ్మ అతన్ని పక్కకి పిలిచి, కుట్టుమిషన్ డబ్బాలోంచి దాన్ని తీసి చేతిలో పెట్టింది. చుట్టూ నల్లదారం చుట్టి ఉంది.

"నేనే తీశాన్రా. అప్పట్లో మీ తాతయ్యకి చూపు ఆనేది కాదు. కళ్లజోడు పెట్టుకోనని మొండికేసి, ఎదురింటి గోడని గుద్దాడు. ఇంకోసారి గుద్దితే మనిషి మిగలడని భయమేసింది. నేనిచ్చానని చెప్పకు."

అతను దాన్ని జేబులో వేసుకుని షెడ్డు వైపు నడిచాడు. ఆమె బానెట్‌లో తల దూర్చి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఇది ఇస్తే ఆదివారం బండి స్టార్టవుతుంది. సోమవారం ఆమె రాదు. ఆ రెండో ముక్క తలుచుకోగానే కాళ్లు వెనక్కి తిరిగాయి.

తిన్నగా క్లినిక్‌కి పోయి, చేతికందిన ఖాళీ కట్టుడుపళ్ల పెట్టెలో రోటర్ పెట్టి, అరలో దాచాడు. ఆదివారం పొద్దున దొరికినట్టు నటించి ఇచ్చేద్దామని పథకం. పెట్టె అడుగున పేరు రాసిన చీటీ ఉందని చూసుకోలేదు.

---

ఆదివారం తొమ్మిదిన్నర. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చక్రాలకి చెక్కదిమ్మలు, పక్కన మూడు బకెట్ల ఇసుక, మంటలార్పే సిలిండర్. మెకానిక్ సుద్దతో గీత గీసి అందర్నీ దాని వెనక నిలబెట్టింది. లారీతో వచ్చిన పాత ఇనుము వ్యాపారి కూడా బుద్ధిగా గీత వెనకే నిలబడ్డాడు.

"అంతా రెడీ. రోటర్ మాత్రం దొరకలేదు," అంది ఆమె. స్పానర్ కింద పడేసింది. ఆమెని అలా అతను ఎప్పుడూ చూడలేదు.

ఒక్క పరుగున క్లినిక్‌కి వెళ్లాడు. అరలో పెట్టె లేదు. క్లినిక్‌లో చీటీలు రాసే పెద్దావిడకి ఫోన్ చేస్తే, "శుక్రవారమే హెడ్మాస్టర్ గారికి ఇచ్చేశాను కదండీ, చీటీలో ఆయన పేరే ఉంది," అంది. హెడ్మాస్టర్ గారి కట్టుడుపళ్లు మాత్రం అక్కడే గిన్నెలో నీళ్లలో ప్రశాంతంగా ఉన్నాయి.

ఆ గిన్నె పట్టుకునే వెనక్కి పరుగెత్తాడు. పది అయింది. లారీ తాళ్లు దించుతున్నారు. తాతయ్య కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆగండి! రోటర్ నా దగ్గరే ఉంది! అంటే, ఉండేది. నేనే దాచాను!"

"ఎందుకు?" మెకానిక్ నిర్ఘాంతపోయింది.

చేతిలో పళ్లగిన్నె. ఎదురుగా ఇంటిల్లిపాది, లారీ. ఇంతకన్నా పరువు పోయేది ఏమీ మిగల్లేదని అతనికి తేలిపోయింది.

"ఇది స్టార్టయితే మీరింక రారు కదా! మీరు రాకపోతే నాకు... ఏమీ బాగుండదు. నువ్వంటే... మీరంటే నాకు ప్రేమండీ."

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని హెడ్మాస్టర్ గారు వచ్చారు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. చేతిలో పెట్టె.

"ఏమయ్యా డాక్టరూ! మూడు రోజులబట్టీ ప్రయత్నిస్తున్నాను. కింద ఎలాగో పట్టింది కానీ, పైన అస్సలు పట్టట్లేదు. పైగా ఇత్తడి రుచి!" అని రోటర్ తీసి చూపించారు. "నాలుగో తరగతిలోనూ నువ్వింతే."

మెకానిక్ దాన్ని లాక్కుని, దారం ఊడదీసి, తుడిచి, మళ్లీ తుడిచి, ఇంకోసారి కూడా తుడిచి, బిగించి మూత పెట్టింది. "గీత వెనక్కి!" అని అరిచి తాళం తిప్పింది. ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి పొగ గొట్టంలోంచి ఇరవై ఏళ్ల మసి ఒక్క ఊపున బయటికి వచ్చి, పాత ఇనుము వ్యాపారిని నఖశిఖపర్యంతం నల్లగా చేసింది. బండి స్టార్టయింది.

హెడ్మాస్టర్ గారు తన పళ్లు తను పెట్టుకుని, వాటితో మొట్టమొదట నవ్వారు.

"నేను ఇరవై ఏళ్లు దాచాను, ఎవరికీ తెలియలేదు. వీడు మూడు రోజులకే దొరికిపోయాడు," అంది నానమ్మ. అన్నాక నాలిక కరుచుకుంది.

"నాకు తెలుసు," అన్నాడు తాతయ్య. "పదిహేనేళ్ల కిందటే నీ డబ్బాలో తడిమి చూశాను."

"మరి అడగలేదే?"

"అడిగితే ఇచ్చేస్తావని భయం. నా కళ్ల సంగతి నాకు తెలీదూ? ఇప్పుడు చూపొచ్చింది కదా, లారీని పిలిస్తే నువ్వే తీసిస్తావనుకున్నాను."

నానమ్మ కొంగుతో కారు అద్దం తుడిచింది. తర్వాత కళ్లు కూడా తుడుచుకుంది.

తాతయ్య మెకానిక్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఒక సందేహం. ఈ కారు పుస్తకంలో ఆయిల్ ఒకటి రెండు రోజులు నానితే చాలని ఉంది. నిన్ననే చదివాను. ఎనిమిది ఎందుకమ్మా?"

మెకానిక్ మొహం కందిపోయింది. "సేఫ్టీ అండీ," అంది మెల్లగా.

డాక్టర్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. లెక్కల్లో పదకొండు కదా. అర్థమయ్యాక మాత్రం చెవులదాకా నవ్వు.

"బ్రేకులు ఇంకా చూడలేదు," అంది ఆమె అతని వైపు చూడకుండా. "మీరు రోజూ పెడల్ తొక్కాలి, నేను చక్రం దగ్గర కూర్చుని చూడాలి. ఏడాది పట్టొచ్చు."

అతను వెంటనే డ్రైవర్ సీట్లో కూర్చుని, మనస్ఫూర్తిగా పెడల్ తొక్కాడు. అది బ్రేకు కాదు, యాక్సిలరేటర్. గేరు వెయ్యలేదు కాబట్టి బండి కదల్లేదు. కానీ ఇంజన్ షెడ్డు అదిరేలా గర్జించింది. అప్పుడే మొహం కడుక్కుని వచ్చిన పాత ఇనుము వ్యాపారి మళ్లీ నల్లబడ్డాడు.

ఆమె తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, కిటికీలోంచి అతని చెయ్యి పట్టుకుంది. "ఏడాది చాలదు," అంది.