మూడోసారి లైటు

"పళ్ళు తెల్లగా సేసి పది రోజులు కాలేదు డాక్టరుగారూ. సూడండి, మళ్ళీ గార పట్టీసింది." కామేశ్వరమ్మ కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఏటి లైటు ఎట్టేడు మీ కుర్రోడు? ఆదివారం దీని అక్క పెళ్ళి."

రాయగడలోని ఆ పళ్ళ క్లినిక్కులో బెంచీ మీదున్న నలుగురూ సుజన నోటి వైపు చూశారు. ఆమె పెదవులు బిగించేసింది.

డాక్టరు రమణమూర్తి అసిస్టెంటు వైపు తిరిగాడు. "మల్లేశూ, జెల్ రాసి మూడుసార్లు లైటు పెట్టమన్నాను. పెట్టేవా?"

మల్లేశు ఒక్క క్షణం సుజనను చూశాడు. "రెండుసార్లేనండి. మూడోది మర్సిపోయేను."

అబద్ధం. మూడుసార్లూ పెట్టాడు. సుజనకు ప్రతిసారీ గుర్తుంది. నోరు మూతపడకుండా క్లిప్పు, కళ్ళకు నారింజరంగు అద్దాలు, పళ్ళ మీద నీలం లైటు. "ఇప్పుడు నేనేటన్నా మీరు కాదనలేరు," అన్నాడు మొదటిసారి. నవ్వాపుకోలేక ఆమెకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. రెండోసారి, "నాతో సినిమాకొస్తే బొటనవేలు ఎత్తండి," అన్నాడు. ఎత్తింది.

మూడోసారి గొంతు తగ్గించాడు. "ఫారంలో మరకలకి కారణం టీ అని రాసేరు. టీ మరక ఇలా సిగుళ్ళ దాకా పాకదండి. నేనెవరికీ సెప్పను. మానీగలరా?"

సిగ్గుతో చచ్చిపోతూ మళ్ళీ వేలెత్తింది.

మూడు రోజులు మానింది. నాలుగో రోజు తల పగిలిపోతుంటే, తమ కిరాణా షాపు గోడౌన్లో చిన్న గుడాకు డబ్బా తెరిచి, ఆ నల్లటి పొగాకు ముద్దను వేలితో చిగుళ్ళకు రుద్దుకుంది. ఎప్పుడో పంటినొప్పికని మామ్మ రాసింది. నొప్పి పోయింది, ఇది ఉండిపోయింది.

"లైటు మెషిను తాళం ఇక్కడ పెట్టు," అన్నాడు డాక్టరు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

మల్లేశు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆయన మూడుసార్లూ ఎట్టేరు," అంది సుజన.

"నువ్వూరుకో అమ్మీ. నీకేటి తెలుసు?"

"నాకే తెలుసమ్మా."

మల్లేశు వద్దన్నట్టు తలూపాడు. సుజన చెవులు కాలిపోతున్నాయి. అయినా చూపు అతని మీదే నిలిపింది.

"టీ కాదు, లైటూ కాదు. గుడాకు. మన షాపులోదే. నాలుగేళ్ళబట్టి రోజూ రుద్దుతున్నాను."